లాగుడు తగ్గింది, అరుపు పెరిగింది: మోటార్ పోయినట్టేనా?

ప్రశ్న: మాది ఖమ్మం. ఇంట్లో నాలుగేళ్ల క్రితం కొన్న డ్రమ్ము రకం వాక్యూమ్ క్లీనర్ ఉంది. 1400 వాట్లు, తడీ పొడీ రెండూ లాగుతుంది. దసరా ముందు ఇంటికి పుట్టీ పెట్టించి రంగులు వేయించాం. పనివాళ్లు గోడలు రుద్దినప్పుడు రాలిన తెల్లపొడి అంతా దీంతోనే తీశాను. అప్పటి నుంచి లాగుడు సగానికి సగం పడిపోయింది. సోఫా మీద పల్లీ పొట్టు కూడా లేవట్లేదు. ఆన్ చేస్తే ఇదివరకటి కంటే సన్నగా, గట్టిగా ‘కుయ్’మని అరుస్తోంది. ఈ మధ్య గరగరమనే ఇంకో చప్పుడు కూడా మొదలైంది. సంచి దులిపాను, ఫిల్టర్ కడిగాను, తేడా లేదు. రిపేరు చేసే అబ్బాయి వచ్చి రెండు నిమిషాలు విని, మోటార్ పోయింది, 2,800 అవుతుందన్నాడు. మా మరిదేమో ‘ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుంది కదా వదినా’ అంటున్నాడు. ఏం చేయమంటారు?

– ఒక పాఠకురాలు

జవాబు: ఇద్దరిలో ఎవరి మాటా ఇప్పుడప్పుడే వినకండి. మీ ఉత్తరంలో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. ‘కుయ్’మనే అరుపు ఒకటి, గరగర ఒకటి. లాగుడు తగ్గడానికి మొదటి దానితోనే సంబంధం. అది దాదాపుగా మీరే ఇంట్లో బాగుచేసుకోగలిగింది. రెండోదానికి మెకానిక్ కావాలి, కానీ దానికీ మోటార్ మొత్తం మార్చాల్సిన పని ఉండకపోవచ్చు. రెండూ ఒకే పుట్టీ పొడి వల్ల వచ్చాయి కాబట్టి, రెండూ కలిపి వింటే మోటార్ పోయినట్టే అనిపిస్తుంది.

ముందు ఆ అరుపు సంగతి. మోటార్ పోతే అసలు తిరగదు, లేదంటే కాలిన వాసన కొడుతూ నీరసంగా తిరుగుతుంది. మీది అలా కాదు, మామూలు కంటే వేగంగా తిరుగుతోంది. ఆ సన్నటి అరుపే దానికి సాక్ష్యం. వాక్యూమ్ మోటారుకు దుమ్ముతో నేరుగా పనిలేదు. దానికి బిగించిన ఫ్యాను నిమిషానికి 20,000 చుట్లకు పైగా తిరుగుతూ డ్రమ్ములో గాలిని బయటికి తోసేస్తుంది. ఆ ఖాళీలోకి పైపు గుండా గాలి దూసుకొస్తూ దారిలో ఉన్న దుమ్మును మోసుకొస్తుంది. దారి ఎక్కడో మూసుకుపోతే ఫ్యానుకు తోయడానికి గాలి ఉండదు, మోటారుకు పని తగ్గిపోతుంది. చైను ఊడిన సైకిలు తొక్కితే పెడల్ గిర్రున తిరుగుతుంది చూడండి, ఇక్కడా అదే జరుగుతుంది. బరువు లేక మోటార్ వేగం పెరిగి, శబ్దం పైస్థాయికి వెళ్తుంది. మనకు మాత్రం అది ఆపసోపాలు పడుతూ అరుస్తున్నట్టు వినిపిస్తుంది.

నమ్మకం కలగకపోతే ఎక్కడైనా బాగా పనిచేస్తున్న వాక్యూమ్ పైపు మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి వినండి. వెంటనే శబ్దం సన్నబడి పైకి లేస్తుంది, చెయ్యి తీయగానే కిందికి దిగుతుంది. మీ మెషిన్ ఇప్పుడు ఎవరూ చెయ్యి పెట్టకుండానే ఆ పైస్థాయిలో అరుస్తోంది. అంటే లోపలెక్కడో గాలికి అడ్డం ఉంది. ఇదే మీ శబ్దం బొంగురుగా, మందంగా మారి లాగుడు తగ్గి ఉంటే నేను మొదట కరెంటును, ఆ తర్వాత కార్బన్లను (మోటార్‌లో తిరిగే భాగానికి ఒరుసుకుంటూ కరెంటు అందించే చిన్న ముక్కలను) అనుమానించేవాణ్ని.

‘సంచి దులిపాను, ఫిల్టర్ కడిగాను’ అన్నారు. ఆ కడిగిన ఫిల్టర్ మీదే నా మొదటి అనుమానం. పుట్టీలో ఉండేది తెల్ల సిమెంటు, సన్నటి రాతిపొడి, పట్టు కోసం కలిపే పాలిమర్. దాన్ని ఎమరీ పేపర్‌తో రుద్దితే రాలేది ఇంటి దుమ్ము కంటే చాలా సన్నం. ఇంటి దుమ్ములో వెంట్రుకలు, దూది పోగులు ఉంటాయి, అవి గుడ్డ మీద వదులుగా పేరుకుంటాయి, వాటి సందుల్లోంచి గాలి పోతూనే ఉంటుంది. పుట్టీ పొడి అలా కాదు, నేరుగా గుడ్డ నేతలోని రంధ్రాల్లోకి వెళ్లి కూర్చుంటుంది. అందుకే సంచి పావు వంతు కూడా నిండకుండానే గాలి ఆగిపోతుంది. ‘సంచి నిండలేదు కదా’ అని చాలామంది అక్కడే పొరబడతారు. సంచి ఎంత నిండిందన్నది లెక్క కాదు, దాని గుడ్డలోంచి గాలి ఎంత పోతోందన్నది లెక్క. గుప్పెడు పుట్టీ పొడి చాలు, కొత్త సంచిని మూసేయడానికి. ముగ్గుపిండి, జిమ్‌లకు వెళ్లే పిల్లల ప్రోటీన్ పౌడర్, అగరుబత్తి బూడిద కూడా ఈ జాతివే.

అలా పొడి కూరుకుపోయిన ఫిల్టర్‌ను తిన్నగా నీళ్లలో పెడితే కడిగినట్టు ఉంటుంది గానీ, సగం పొడి ముద్దయి అక్కడే అంటుకుంటుంది. ఆరాక గుడ్డ బిరుసెక్కుతుంది. మీది ఒకసారి చేత్తో నలిపి చూడండి. గట్టిగా, పొరలు పొరలుగా తగిలితే అది పని అయిపోయినట్టే, ఇంకో పది సార్లు కడిగినా లాభం లేదు, కొత్తది వేయాల్సిందే. మెత్తగానే ఉంటే దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి, వెనకనుంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి. గుడ్డ ఫిల్టర్ అయితే వెలుతురు అంతటా ఒకే తీరున రావాలి. మచ్చలు మచ్చలుగా చీకటి కనిపించిన చోటల్లా పొడి ఉన్నట్టు.

ఇంకోసారి కడిగేటప్పుడు ఈ వరుస పాటించండి. ముందు పొడిగా ఉండగానే దులపాలి. డాబా మీదకో వాకిట్లోకో తీసుకెళ్లి, ముక్కుకూ నోటికీ మాస్కు పెట్టుకుని, ఫిల్టర్‌ను నేలకు మెల్లగా తట్టండి. మెత్తటి పెయింట్ బ్రష్‌తో మడతల మధ్య గీకండి. ఇక పొడి రాలట్లేదు అనుకున్నాకే నీళ్లు. అవీ దుమ్ము పట్టిన వైపు నుంచి పోయకూడదు. శుభ్రంగా కనిపించే వైపు నుంచి కుళాయి ధార పడితే పొడి వచ్చిన దారినే వెనక్కి పోతుంది, ఎదురు పోస్తే ఇంకా లోపలికి దిగుతుంది. సబ్బు, బ్లీచింగ్ అవసరం లేదు. నీడలో గాలి తగిలేలా పూర్తిగా ఒక రోజు ఆరనివ్వండి, ముసురు రోజుల్లో అయితే రెండు. చేతికి తడి తగలకపోవడం ఆరినట్టు కాదు, మడతల లోపల చెమ్మ ఉంటుంది. ఆ చెమ్మతోనే బిగించి పొడి లాగిస్తే మళ్లీ మొదటికొస్తుంది. కాగితంతో చేసిన ఫిల్టర్లనూ, కడగవచ్చని మెషిన్‌తో వచ్చిన పుస్తకంలో రాయని హెపా ఫిల్టర్లనూ (అతి సన్నటి దుమ్మును పట్టే రకం) మాత్రం నీళ్ల దగ్గరికే తీసుకెళ్లకండి. తడిస్తే వాటి పోగులు అతుక్కుపోయి, ఆరినా గాలి సరిగా పోదు.

ఈ యంత్రం చరిత్రంతా ఒక రకంగా ఫిల్టర్ చరిత్రే. 1901లో ఇంగ్లండులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు దుమ్మును పీల్చే మెషిన్ చేయాలనుకుని, ముందుగా ఒక హోటల్లో కుర్చీ మీద రుమాలు పరిచి, దానికి నోరు ఆనించి గట్టిగా గాలి పీల్చాడు. రుమాలు అడుగున నల్లగా దుమ్ము మచ్చ కనిపించింది. గాలిని పీల్చగలిగితే చాలదు, గాలిని వదిలి దుమ్మును మాత్రం పట్టి ఉంచే గుడ్డ మధ్యలో ఉండాలి అన్నదే అక్కడి కిటుకు. ఆ తర్వాత ఆయన చేసిన మెషిన్ గుర్రబ్బండి మీద వచ్చేది, ఇంటి బయట ఆపి కిటికీల్లోంచి పొడవాటి పైపులు లోపలికి లాక్కునేవారు. ఇవాళ మీ ఇంట్లో ఉన్న డ్రమ్ము ఎంత చిన్నదైనా ఆ రుమాలు పని మాత్రం మారలేదు.

ఇక పరీక్షకు రండి. ఇది చేయడానికి మీ అరచెయ్యి చాలు. మూత విప్పే ప్రతిసారీ ప్లగ్గు పీకేయడం మర్చిపోకండి, స్విచ్ ఆపడం ఒక్కటే సరిపోదు.

డ్రమ్ము ఖాళీ చేసి, లోపల గుడ్డతో శుభ్రంగా తుడవండి. ఫిల్టర్, సంచి రెండూ తీసేయండి. మూత పెట్టి క్లిప్పులు బిగించండి, పైపు మాత్రం తగిలించకండి. ఆన్ చేసి డ్రమ్ము నోటికి, అంటే పైపు దూర్చే రంధ్రానికి అరచెయ్యి పెట్టండి. కొన్ని సెకన్లు చాలు. మీలాంటి తడి పొడి మెషిన్లలో నీళ్లు లాగేటప్పుడు ఆ గుడ్డ ఫిల్టర్‌నూ సంచినీ ఎలాగూ తీసేయమంటారు కాబట్టి, శుభ్రంగా ఉన్న డ్రమ్ముతో ఈ కాసేపు నడిపితే మోటారుకు ఏమీ కాదు. చెయ్యి గట్టిగా అంటుకుని, లాగితే గానీ ఊడకపోతే మీ మోటార్, ఫ్యాను భేషుగ్గా ఉన్నట్టు. అప్పుడు అదే చోట ఫిల్టర్ బిగించి మళ్లీ చెయ్యి పెట్టండి. లాగుడు పడిపోయిందా, దొంగ దొరికినట్టే. తేడా లేకపోతే ఫిల్టర్‌ను వదిలేసి పైపు మీదకు వెళ్లండి.

ఫిల్టర్ లేకుండా కూడా డ్రమ్ము నోటి దగ్గర లాగుడు లేదనుకోండి, అప్పుడు కూడా మోటారును తిట్టకండి. మూత తలకిందులు చేస్తే కింద ప్లాస్టిక్ పంజరం ఉంటుంది, అందులో తేలికపాటి బంతో, డబ్బానో కదులుతూ ఉంటుంది. దాన్ని ఫ్లోట్ అంటారు. డ్రమ్ములో నీళ్లు నిండితే అది తేలి పైకి లేచి గాలి దారి మూసేసి, నీళ్లు మోటారులోకి పోకుండా కాపాడుతుంది. నీళ్లు లాగేటప్పుడు ఉన్నట్టుండి శబ్దం మారి లాగుడు ఆగిపోయేది ఇందుకే. తడి ఫిల్టర్‌తో పుట్టీ లాగినప్పుడు ఆ ముద్ద ఈ పంజరం కడ్డీలకు పట్టి, ఫ్లోట్ పైనే అతుక్కుపోయే వీలుంది. మూతను అటూ ఇటూ ఊపితే అది టకటకమని కదలాలి. చప్పుడు లేకపోతే తడిగుడ్డతో పంజరం తుడిచి వదులు చేయండి. ఎంతోమంది రిపేరు షాపుదాకా మోసుకెళ్లేది ఈ చిన్న ప్లాస్టిక్ ముక్క కోసమే.

మూత చుట్టూ ఉండే రబ్బరు రింగు కూడా చూసుకోండి. అది గాడిలోంచి జారినా, దాని కింద పుట్టీ పొడి పేరుకున్నా గాలి పక్కనుంచి దూరుతుంది. ఆ చోట చెయ్యి పెడితే తెలియనంత సన్నటి సందు అయితే ఒక అగరుబత్తి వెలిగించి, మెషిన్ ఆన్ చేసి, మూత అంచుకు కాస్త ఎడంగా చుట్టూ తిప్పండి. పొగ ఎక్కడ లోపలికి వంగుతుందో అక్కడే సందు. నిప్పు మాత్రం దగ్గరికి పోనివ్వకండి, పొగ చాలు. (నిప్పు ఆరని బూడిదను, అది హోమగుండంలోదైనా సరే, వాక్యూమ్‌తో తీయడం ఎప్పుడూ పనికిరాదు. ఒక్క నిప్పురవ్వ సంచిని అంటిస్తుంది, పైగా లోపల దానికి గాలి విసిరేవాడు సిద్ధంగా ఉన్నాడు.)

పైపు పరీక్ష పిల్లల ఆటే. ఒక చివర గోలీ వేస్తే రెండో చివర బయటికి రావాలి. ఆగిపోతే అక్కడే అడ్డం. సాధారణంగా వంపు తిరిగిన పిడి దగ్గరో, డ్రమ్ముకు దూర్చే చివరో ఒక హెయిర్‌పిన్ గానీ చీపురు పుల్ల గానీ అడ్డంగా ఇరుక్కుంటుంది, ఆ పైన వెంట్రుకలు, నూలు చుట్టుకుని బిరడా కడతాయి. ఇనుప చువ్వ పెట్టి పొడవకండి, పైపు గోడ చిల్లు పడితే అసలుకే మోసం. మీ మెషిన్‌కు వెనక గాలి ఊదే రంధ్రం కూడా ఉండాలి. పైపును దానికి తగిలించి, రెండో చివరకు పాత దిండు గలీబు కట్టి ఆన్ చేస్తే చాలా అడ్డాలు వాటంతటవే ఎగిరి గలీబులో పడతాయి. పిడి మీద జరిపే చిన్న మూత ఒకటుంటుంది, కర్టెన్ల లాంటివి తుడిచేటప్పుడు లాగుడు తగ్గించడానికి. అది తెరిచి ఉందేమో కూడా చూడండి. నవ్వకండి, ‘వాక్యూమ్ పనిచేయట్లేదు’ అనే ఫిర్యాదుల్లో అదొక పెద్ద వాటా అని ఏ మెకానిక్‌ను అడిగినా చెబుతాడు. పైపు వంగే చోట పగిలి ఉంటే, పగులు చివర్లోనే అయితే ఆ ముక్క కోసేసి పిడిని మళ్లీ మర తిప్పి ఎక్కించుకోవచ్చు. మధ్యలో అయితే టేపు చుట్టడం తాత్కాలికమే.

కరెంటు సంగతి ఒక్క మాట. 1400 వాట్లంటే 230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు. మామూలు చిన్న సాకెట్టుకు అది సరిగ్గా అంచు. దానికి తోడు సన్నటి వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు పెడితే వైరు వేడెక్కుతుంది, మోటారుకు అందే వోల్టేజీ తగ్గుతుంది. ఏసీ, ఫ్రిజ్‌లకు వాడే పెద్ద సాకెట్టుకు నేరుగా పెట్టి ఒకసారి చూడండి.

ఇప్పుడు గరగర. ఇది నిజంగా మోటారుకు సంబంధించిందేనేమో అని నాకూ అనుమానం, అయితే తేల్చుకోవడం తేలిక. మెషిన్ ఆన్ చేసి అర నిమిషం తిరగనిచ్చి, స్విచ్ ఆపి, చెవి పెట్టి వినండి. ఆపాక కూడా ఫ్యాను కొన్ని సెకన్లు తన వేగంతోనే తిరుగుతూ నెమ్మదిస్తుంది. ఆ కాసేపట్లో కరెంటు లేదు. అయినా గరగర వినిపిస్తూ, వేగం తగ్గేకొద్దీ కరకరమని విడివిడిగా తెలుస్తుంటే అది బేరింగు. స్విచ్ ఆపిన క్షణాన చప్పుడు కూడా ఠక్కున ఆగిపోతే బేరింగు కాదు, కార్బన్ల దగ్గర తేడా కావచ్చు. ప్లగ్గు పీకి, మోటార్ ఉన్న మూతను ఎత్తి ఊపినప్పుడు గలగలమంటే లోపల రాయో, మేకు ముక్కో పడినట్టు, అలాంటప్పుడు ఇక ఆన్ చేయకండి. ఫ్యాను రెక్కలు పలచటి అల్యూమినియం రేకు, ఆ వేగంలో ఒక గింజ తగిలినా వంగిపోతాయి. వంగిన ఫ్యాను అదురుతుంది, ఆ అదురు బేరింగును తినేస్తుంది. శబ్దం నేల తుడిచే బ్రష్ పెట్టినప్పుడే వస్తూ, అది తీసేస్తే పోతుంటే మోటారుకు సంబంధమే లేదు, బ్రష్ అడుగున ఏదో ఇరుక్కుంది.

పుట్టీకీ బేరింగుకూ సంబంధం ఏమిటంటారా? మీ రకం డ్రమ్ము మెషిన్లలో మోటారుకు గాలి రెండు దారుల్లో వస్తుంది. లాగిన గాలి ఫ్యానులోంచి పక్కకు వెళ్లిపోతుంది, మోటారును చల్లబరచడానికి వేరే చిన్న ఫ్యాను పైమూతలోని చీలికల గుండా గదిలోని గాలిని తీసుకుంటుంది. (పొడిది మాత్రమే లాగే చిన్న మెషిన్లలో చాలావాటికి ఈ ఏర్పాటు ఉండదు. లాగిన గాలే మోటారును చల్లబరచాలి. అందుకే వాటిలో ఫిల్టర్ మూసుకుపోయినా అలాగే నడిపితే మోటార్ వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది, చల్లారాక గానీ మళ్లీ తిరగదు.) మీ మెషిన్‌కు ఈ రెండో దారి వరమే, కానీ గోడలు రుద్దుతున్న గదిలోనే మెషిన్ నడిపి ఉంటే పొగమంచు కమ్మినట్టున్న ఆ పొడి గాలే ఫిల్టర్ ఏదీ లేకుండా తిన్నగా మోటార్ వైండింగ్ మీదకు, పై బేరింగులోకి వెళ్లింది. కింది బేరింగుకు ఫిల్టర్‌ను దాటుకొచ్చిన పొడి చేరింది. బేరింగులో ఉండేది గుళ్లు, కాస్త గ్రీజు. ఆ గ్రీజులో రాతిపొడి కలిస్తే గుళ్లను ఎమరీ పేపర్‌తో రుద్దినట్టే.

కాబట్టి నూనె పోయకండి. కుట్టు మెషిన్ నూనె, కొబ్బరినూనె, బండికి కొట్టే స్ప్రే, ఏదైనా సరే. రెండు రోజులు చప్పుడు తగ్గి, తర్వాత ఆ నూనెకు ఇంకా దుమ్ము పట్టి రెట్టింపవుతుంది. మోటార్ లోపల కార్బన్ల మీద పడితే అదో కొత్త తలనొప్పి. పోయిన బేరింగును మార్చడం తప్ప మందు లేదు. అదేం పెద్ద వస్తువు కాదు. వాక్యూమ్ మోటార్లలో తరచుగా కనిపించేది 608 నంబరు బేరింగు, లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి వెడల్పు 22, మందం 7. స్కేటింగ్ బూట్ల చక్రాల్లోనూ, ఆ మధ్య ప్రతి పిల్లాడి చేతిలో తిరిగిన ఫిడ్జెట్ స్పిన్నర్‌లోనూ ఉండేది ఆ సైజే. అలాగని ఆ బొమ్మ బేరింగు వేయించకండి. మోటార్లకని అమ్మే, రెండు వైపులా మూతలున్న మంచి రకం అడగండి. మీ మోటార్‌లో ఏ నంబరు ఉందో పాతదాని అంచు మీద చెక్కి ఉంటుంది.

ఆ అబ్బాయి మిమ్మల్ని మోసం చేశాడని నేననను. మోటార్ మొత్తం మార్చడం ఆరు స్క్రూల పని. బేరింగు మార్చాలంటే ఫ్యాను పైకప్పు విడదీసి, ఫ్యాను ఊడదీసి, పుల్లరుతో పాతది లాగి, కొత్తది వంకర పోకుండా నొక్కి, మళ్లీ అన్నీ అదే వరుసలో బిగించాలి. ఇంటింటికీ తిరిగే మనిషికి అంత తీరిక ఉండదు, పనిముట్లు కూడా సంచిలో ఉండవు. కానీ రెండు నిమిషాలు విని తేల్చేయడం మాత్రం సరికాదు, కనీసం మూత విప్పి ఉండాల్సింది. మీరు వెతకాల్సింది మిక్సీ మోటార్లకు వైండింగ్ చేసే షాపు. మిక్సీలోనూ, గోడకు రంధ్రాలు వేసే డ్రిల్లింగ్ మెషిన్‌లోనూ, మీ వాక్యూమ్‌లోనూ ఉండేది ఒకే జాతి మోటార్: కార్బన్లు, ఆర్మేచర్ (రాగి తీగ చుట్టిన, గిర్రున తిరిగే భాగం), దానికి రెండు చివర్లా ఆధారం. ఆ పని రోజూ చేసే చేతులు మీ ఊళ్లో కచ్చితంగా ఉంటాయి.

అక్కడికి వెళ్లి ‘వాక్యూమ్ పోయింది’ అనకండి. ‘మోటార్ తిరుగుతోంది, స్విచ్ ఆపాక గరగరమంటోంది, బేరింగు చూడండి’ అనండి. ఎలాగూ విప్పుతారు కాబట్టి కార్బన్లు ఎంత మిగిలాయో చూపించమనండి. అరిగి అర సెంటీమీటరుకు వచ్చి ఉంటే రెండూ కలిపి మార్పించండి, ఒక్కటే మార్చడం దండగ. కొత్త కార్బన్లు వేశాక మొదట్లో కాస్త నిప్పురవ్వలు కనిపిస్తాయి, కుదురుకున్నాక తగ్గుతాయి. ఆర్మేచర్ మీద రాగి పట్టీలు నల్లబడి గుంటలు పడ్డాయా అని కూడా అడగండి. మార్చిన పాత బేరింగు మీ చేతికిమ్మనండి. వేలికి తొడిగి తిప్పితే గరుకు మీకే తెలుస్తుంది.

మీ మరిది మాట ఎప్పుడు వినాలంటే, ఆర్మేచర్ కాలిపోయిందని తేలితే. అప్పుడు కొత్త మోటార్ తప్పదు. దాని ధర, కూలీ కలిపి అదే రకం కొత్త మెషిన్ ధరలో సగం దాటితే నాలుగేళ్ల పాత డ్రమ్ముకు అంత పెట్టమని నేను చెప్పను, ఎందుకంటే పైపులు, క్లిప్పులు, రబ్బరు కూడా అంతే పాతవి. ఒకవేళ కొనాల్సి వస్తే పెట్టె మీద వాట్లు ఎన్ని, లాగుడు బలాన్ని చెప్పే కిలోపాస్కల్స్ ఎన్ని అని మాత్రమే చూడకండి. పెట్టె మీద రాసే ఆ లాగుడు అంకె సాధారణంగా మూతి పూర్తిగా మూసేసి కొలిచింది, గాలి ఏమాత్రం కదలనప్పటి లెక్క. మీ సోఫా మీద పొట్టును లేపేది కదిలే గాలి. ఫిల్టర్లు, సంచులు మీ ఊళ్లోనో ఆన్‌లైన్‌లోనో విడిగా దొరుకుతున్నాయా అన్నది ముందు చూసుకోండి. అవి దొరకని మెషిన్ ఎంత చవకైనా ఒక్క రంగుల సీజన్‌కే మూలపడుతుంది.

బాగయ్యాక కూడా పుట్టీ పనికి దీన్ని దించకండి. తడిపిన రంపపు పొట్టు నేల మీద చల్లి మెల్లగా ఊడిస్తే సన్నపొడి దానికే అంటుకుని వచ్చేస్తుంది, మిగిలింది తడిగుడ్డతో తుడవచ్చు. మరీ తప్పనిసరైతే పారేసే రకం సంచి వేసి, పొడి లేస్తున్న గదిలో కాకుండా అది నేల మీద దిగాక, లాగుడు తగ్గగానే సంచి మారుస్తూ వాడండి.

వరుస ఇది: ముందు అరచేతి పరీక్ష, ఫిల్టర్ సంగతి తేల్చుకోండి, దాంతోనే మీ లాగుడు తిరిగి వస్తుందని నా అంచనా. అది వచ్చేశాక కూడా గరగర ఉంటే బేరింగు పని వాయిదా వేయకండి. అరిగిన బేరింగు ఇరుసును వదులు చేస్తుంది, ఆ ఊగిసలాటలో ఆర్మేచర్ పక్కకు రాసుకుని కాలిపోయిందంటే, అప్పుడు ఆ అబ్బాయి చెప్పిన మాటే నిజమవుతుంది. షాపుకు తీసుకెళ్లేటప్పుడు మోటార్ ఉన్న పైమూత, దాని వైరు చాలు. డ్రమ్ము, పైపులు, బ్రష్‌లు ఇంట్లోనే ఉంచేయండి, అక్కడ ఒకటి రెండు ముక్కలు కలిసిపోయి పోగొట్టుకునే టెన్షన్ ఉండదు.